గ్యాంగ్ వార్ కామిక్‌ను దారి తప్పకుండా చదవడం ఎలా: డేర్‌డెవిల్ 170, 171, 172 సంచికలతో సమగ్ర మార్గదర్శి

సూపర్‌హీరో కామిక్స్ బాగా అలవాటున్నవాళ్లు కూడా గ్యాంగ్ వార్ కథ దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఒకే సంచికలో నాలుగైదు ముఠాలు ఉంటాయి. వాటి నాయకులు, వాళ్ల కుడిభుజాలు, ఒక కిరాయి హంతకుడు, ఒక ఇన్ఫార్మర్, పోలీసులు, విలేఖరి, మధ్యలో హీరోగారి ప్రేమ గొడవ. ఆరో పేజీలో తుపాకీ పేల్చినవాడు ఎవరి మనిషో పదిహేనో పేజీకి గుర్తుండదు. దాంతో చాలామంది ఫైట్లు చూసి, మిగతాది తిప్పేసి, పుస్తకం మూసేస్తారు. నేనూ చాలాకాలం అలాగే చదివాను. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాక, అంతవరకు ఎంత పోగొట్టుకున్నానో తెలిసింది. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. ఒక గళ్ళ నోట్‌బుక్, నాలుగు రంగుల పెన్సిళ్లు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే చాలు.

మొదటి అడుగు: సరైన కథ ఎంచుకోవడం

నేర్చుకోవడానికి చిన్న కథ కావాలి. యాభై సంచికల మహాయుద్ధంతో మొదలుపెడితే మూడో రోజుకే విసుగొస్తుంది. నా సలహా అమెరికన్ కామిక్స్ సంస్థ మార్వెల్ వాళ్ల డేర్‌డెవిల్ 170, 171, 172 సంచికలు. 1981లో మే, జూన్, జూలై నెలల పేరుతో వచ్చాయి. కథ, పెన్సిల్ బొమ్మలు ఫ్రాంక్ మిల్లర్‌వి, వాటి మీద సిరాతో దిద్దే పని, అంటే ఇంకింగ్, క్లాస్ జాన్సన్‌ది. అంతవరకు రెండు నెలలకొకసారి వచ్చే ఈ పత్రిక 171 నుంచి నెలనెలా రావడం మొదలైంది. మూడో సంచిక పేరే ‘గ్యాంగ్‌వార్!’. మిల్లర్, జాన్సన్‌ల డేర్‌డెవిల్ సంపుటాల్లో మొదటిది సరిగ్గా 172తో ముగుస్తుంది కాబట్టి ఒక్క పుస్తకంలో మొత్తం దొరుకుతుంది.

హీరో ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మాట్ మర్డాక్ న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ ప్రాంతంలో పెరిగిన లాయరు. చిన్నప్పుడు ప్రమాదంలో చూపు పోయింది, మిగతా ఇంద్రియాలు మామూలు మనిషికి లేనంత పదునెక్కాయి. పగలు ఫాగీ నెల్సన్‌తో కలిసి కోర్టు కేసులు చూస్తాడు, రాత్రి డేర్‌డెవిల్ వేషంలో మేడల మీద తిరుగుతాడు.

రెండో అడుగు: నోట్స్ లేకుండా ఒకసారి చదవండి

మూడు సంచికలూ ఒకే విడతలో చదివేయండి. అర్థం కాని చోట ఆగకండి, వెనక్కి తిప్పకండి. చివరికి మీకు ఏ ముఖం బాగా గుర్తుండిపోయిందో ఆ పేరు ఒక్కటే నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకోండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

మూడో అడుగు: ఖాళీ కుర్చీని వెతకండి

అసలు కీలకం ఇక్కడుంది. గ్యాంగ్ వార్ కథను ‘ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారు’ అని చదివితే చిక్కుబడిపోతాం. ‘ఏ కుర్చీ ఖాళీ అయింది, ఎందుకు ఖాళీ అయింది’ అని అడిగితే దారం కొస చేతికి దొరుకుతుంది. ఊళ్లో ఒకడి మాట అందరూ వింటున్నంతకాలం ముఠాలు సర్దుకుని బతుకుతాయి. ఆ ఒక్కడు లేచి వెళ్లిపోయిన రోజు నుంచే యుద్ధం మొదలవుతుంది.

ఇక్కడ ఆ కుర్చీ కింగ్‌పిన్‌ది. అసలు పేరు విల్సన్ ఫిస్క్. ఇతను నిజానికి డేర్‌డెవిల్ శత్రువుగా పుట్టలేదు. 1967లో స్టాన్ లీ, పెద్ద జాన్ రొమీటా కలిసి స్పైడర్‌మ్యాన్ 50వ సంచికలో ఇతన్ని తెచ్చారు. 1979లో స్పైడర్‌మ్యాన్ 197లో భార్య వనెస్సా ఇతనికి గడువు పెట్టింది: అర్ధరాత్రికల్లా ఈ నేర జీవితం వదలాలి, లేకపోతే తను ఉండదు. అతను వదిలాడు. డేర్‌డెవిల్ 170 తెరుచుకునేసరికి దంపతులిద్దరూ జపాన్‌లో ప్రశాంతంగా బతుకుతున్నారు.

ఇప్పుడు నోట్‌బుక్‌లో ఒక పేజీ మధ్యలో కుర్చీ బొమ్మ గీసి, కింద రెండు వాక్యాలు రాయండి. ‘కుర్చీ కింగ్‌పిన్‌ది. భార్య కోసం వదిలాడు.’ ఇకమీద ఏ పాత్ర కనబడినా, ఈ కుర్చీకి వాడు ఎంత దూరంలో ఉన్నాడో చూసి చుట్టూ పేరు రాయాలి. కూర్చోవాలనుకునేవాడు దగ్గర. కూర్చున్నవాడికి ఊడిగం చేసి బతికేవాడు కొంచెం దూరం. కుర్చీనే విరగ్గొట్టాలనుకునేవాడు ఇంకో వైపు.

నాలుగో అడుగు: ప్రతి పాత్రకూ ఒక్క వాక్యం

ఇందులో తొందరపడకండి, పని ఎక్కువ ఇక్కడే. ప్రతి పేరు పక్కన ఒకే పద్ధతిలో వాక్యం రాయాలి: ‘ఇతనికి ఇది కావాలి, ఇది అడ్డం.’

కింగ్‌పిన్: భార్యతో నిమ్మళంగా బతకాలి. అందుకోసం తన పాత సామ్రాజ్యం గుట్టంతా ఉన్న ఫైళ్లు ప్రభుత్వానికి అప్పగించడానికి ఒప్పుకున్నాడు. అడ్డం, ఆ ఫైళ్లలో పేర్లున్న మనుషులు.

పాత అనుచరులు: అతను లేని సమయంలో ఊరిని పంచుకున్నారు. ఫైళ్లు బయటికొస్తే జైలే గతి. కాబట్టి అతను బతకకూడదు.

బుల్స్‌ఐ: చేతికి ఏది దొరికినా గురి తప్పకుండా విసిరి చంపగల హంతకుడు. కింగ్‌పిన్‌ను చంపే పనికి ఇతన్నే కుదుర్చుకుంటారు. కానీ డబ్బు కోసమే వచ్చాడనుకుంటే పొరపాటు. డేర్‌డెవిల్ చేతిలో పోయిన పరువు తిరిగి రావాలి ఇతనికి. అంతకు ముందు సంచిక, 169లో, మెదడులో కణితి వల్ల ఎవరిని చూసినా డేర్‌డెవిల్‌లా కనబడే స్థితిలో ఉంటాడు. ఆ ఒక్క సంచిక కూడా ముందు చదివితే ఇతని పరుగులో ఉన్న కసి అర్థమవుతుంది.

వనెస్సా: భర్త మారాడని లోకం ఒప్పుకోవాలి. ఆ పని మీద న్యూయార్క్ వచ్చి లాయర్లుగా నెల్సన్, మర్డాక్‌ల సాయం అడుగుతుంది. పాత అనుచరులు ఆమెను ఎత్తుకుపోతారు.

డేర్‌డెవిల్: ఆ ఫైళ్లు తనకు చిక్కితే ఊళ్లోని ముఠాలన్నిటినీ ఒక్క దెబ్బకు కోర్టు బోనులో నిలబెట్టొచ్చు. మరి దాని కోసం కింగ్‌పిన్‌ను కాపాడాలా, పట్టుకోవాలా?

రాశాక గమనించండి. ఈ ఐదు వాక్యాల్లో వినిపించే కోరికలు రెండే. ఒకటి కుర్చీ, ఒకటి ఇల్లు. కింగ్‌పిన్ కుర్చీ వదిలి ఇల్లు కావాలన్నాడు. వనెస్సా ఉన్న భవనం కూలిపోయి ఆమె చనిపోయిందని నమ్మిన క్షణంలో ఇల్లు పోయింది, ఇక అతనికి మిగిలింది కుర్చీయే. ఈ ఒక్క మలుపు మీదే మూడు సంచికలూ నిలబడ్డాయని నేను నమ్ముతాను. తుపాకులన్నీ దాని తర్వాతే.

ఒక పాత్రకు వాక్యం రాయలేకపోతే కంగారు పడకండి. కొందరు కుర్చీకి సంబంధం లేకుండానే తిరుగుతారు. టర్క్ అని ఒక చిల్లర దొంగ ఉంటాడు. డేర్‌డెవిల్‌కు సమాచారం కావాల్సినప్పుడల్లా జోసీస్ బార్‌లో ఇతనే దొరుకుతాడు, దెబ్బలూ తింటాడు. ఇలాంటివాళ్లను పేజీ అంచున రాయండి. వీధిలో గాలి ఎటు వీస్తోందో మనకు తెలిసేది వీళ్ల వల్లే.

ఐదో అడుగు: పేజీల లెక్క

ఆ కాలపు మార్వెల్ సంచికలో కథకు 22 పేజీలు. నోట్‌బుక్‌లో 1 నుంచి 22 దాకా గీతలు గీసి, ఒక్కో దారానికి ఒక్కో రంగు పెట్టండి. ముఠా తగాదాకు ఎరుపు, వనెస్సాకు నీలం, ఫైళ్లకు ఆకుపచ్చ, మాట్ సొంత జీవితానికి పసుపు. ఆ రోజుల్లో హెదర్ గ్లెన్ అనే అమ్మాయితో అతని ప్రేమ వ్యవహారం నడుస్తోంది, అది పసుపు కిందికి వస్తుంది. ఏ పేజీలో ఏ దారం నడుస్తుందో ఆ రంగు వేయండి. ఒకే పేజీలో రెండుంటే రెండు రంగులూ వేయండి.

రెండు రంగులు పడిన పేజీల దగ్గర ఆగండి. కథకుడు ముడి వేసింది అక్కడే. ఒక రంగు వరుసగా ఐదారు పేజీలు మాయమైతే అది కూడా గుర్తు పెట్టండి. మంచి రచయిత చేతిలో మాయమైన రంగు ఊరికే తిరిగి రాదు, ఏదో ఒకటి చెడగొడుతూ వస్తుంది.

ఆరో అడుగు: లెవిట్జ్ పట్టిక

ఒక్క సంచికకు రంగులు సరిపోతాయి. మూడు సంచికలు కలిపి చూడాలంటే పట్టిక కావాలి. దీనికి పాల్ లెవిట్జ్ దారి చూపించాడు. మార్వెల్‌కు పోటీ సంస్థ అయిన డీసీ వాళ్ల లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ చాలా ఏళ్లు రాసింది ఈయనే. ఆ జట్టులో హీరోలే ఇరవై మంది పైచిలుకు, వాళ్ల కథలు కలగాపులగం కాకుండా ఉండటానికి ఈ పట్టిక వాడేవాడు. డెనిస్ ఓనీల్ కామిక్ రచన గురించి రాసిన పుస్తకంలో దీన్ని వివరించాడు. ఆ ఓనీలే మిల్లర్ డేర్‌డెవిల్‌కు ఎడిటర్‌గా కూడా పనిచేశాడు.

పద్ధతి తేలిక. పైన అడ్డంగా సంచికల సంఖ్యలు. ఎడమవైపు నిలువుగా కథా దారాలు. ప్రతి గడిలో ఆ సంచికలో ఆ దారం ఏ స్థాయిలో ఉందో రాయాలి: ప్రధాన కథ అయితే ‘ఎ’, రెండోది అయితే ‘బి’, మెల్లగా మరుగుతున్నది అయితే ‘సి’. ఈ నెల ‘సి’గా కనబడింది వచ్చే నెల ‘బి’కి, ఆ పై నెల ‘ఎ’కి ఎక్కుతుంది. పాత ‘ఎ’ ముగిసిపోతుంది.

నా పట్టిక ఇలా తేలింది. 170లో కింగ్‌పిన్ మీద హత్యాయత్నం ‘ఎ’, వనెస్సా ‘బి’, ఫైళ్లు ‘సి’. 171కి వనెస్సా ‘ఎ’కి ఎక్కింది. ఆ సంచికలో డేర్‌డెవిల్ ఒక చిల్లర రౌడీలా మారువేషం వేసుకుని ముఠాలోకి దూరడానికి చూస్తాడు, అది ‘బి’. 172లో ముఠాల యుద్ధం, ఫైళ్లు కలిసిపోయి ‘ఎ’ అయ్యాయి. వనెస్సా గడిలో ఏం రాయాలో నాకు చాలాసేపు తోచలేదు. చివరికి ప్రశ్న గుర్తు పెట్టాను. మీ పట్టిక నాలాగే రావాలని లేదు. ఎక్కడ తేడా వచ్చిందో చూసి మళ్లీ ఆ పేజీలు తిప్పండి, ఎక్కువ నేర్చుకునేది అప్పుడే.

ఏడో అడుగు: ఎవరికి ఏం తెలుసు

ముఠా కథల్లో తూటా కన్నా సమాచారం ఎక్కువమందిని చంపుతుంది. అందుకే ఇంకో చిన్న జాబితా పెట్టుకోండి. ఒక వైపు రహస్యాలు, ఇంకో వైపు అవి ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో.

దీని విలువ తెలియాలంటే బ్యాట్‌మ్యాన్ కథల్లో 2004లో వచ్చిన ‘వార్ గేమ్స్’ చూడాలి. బ్యాట్‌మ్యాన్ పక్కన ఉండే సహాయకురాలి స్థానం, అంటే రాబిన్ పదవి, పోగొట్టుకున్న స్టెఫనీ బ్రౌన్ తన సత్తా నిరూపించుకోవాలనుకుంటుంది. గోథమ్ నగరంలోని ముఠాలన్నిటినీ అదుపులోకి తెచ్చేందుకు బ్యాట్‌మ్యాన్ రాసి పెట్టుకున్న పథకం ఆమెకు దొరుకుతుంది. దాన్ని అమలు చేస్తూ ముఠా నాయకులందరినీ ఒకచోటికి పిలుస్తుంది. పథకం నడవాలంటే మ్యాచెస్ మలోన్ అనేవాడు అక్కడ ఉండాలి. మ్యాచెస్ మలోన్ అంటే మారువేషంలో ఉన్న బ్యాట్‌మ్యానే. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమె ఏం చేస్తోందో బ్యాట్‌మ్యాన్‌కు తెలియదు. మలోన్ రాలేదు, అనుమానాలు పెరిగాయి, గదిలో కాల్పులు మొదలయ్యాయి, ఊరంతా అంటుకుంది. జాబితాలో ఒక్క గడి ఖాళీ, దాని మీద అంత పెద్ద కథ! చదువుతున్నప్పుడు నాకు ఆ పిల్ల మీద కలిగిన జాలి ఇప్పటికీ తగ్గలేదు.

డేర్‌డెవిల్‌కు వస్తే, మీ జాబితాలో తప్పక ఉండాల్సిన వరుస ఒకటే: ‘వనెస్సా బతికే ఉందా?’ మీరు 172 ముగించే సమయానికి కింగ్‌పిన్‌కు ఏం తెలుసో, మాట్‌కు ఏం తెలుసో రాసి, ఆ పేజీ మడిచి పెట్టండి.

ఎనిమిదో అడుగు: బొమ్మను కూడా చదవండి

మాటలు మాత్రమే చదివేవాళ్లు సగం కథ వదిలేస్తున్నట్టే. గ్యాంగ్ వార్‌లో మనుషులు ఎక్కువ, జాగా తక్కువ, అందుకని చిత్రకారుడు ఎవరెవరో చెప్పే పనిని ఆకారాలకు అప్పగిస్తాడు. మిల్లర్ గీసిన కింగ్‌పిన్‌ను చూడండి. మనిషి ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) అంతా నిండిపోతాడు, పక్కన నిలబడ్డ అనుచరులు పిల్లల్లా కనబడతారు. అధికారం ఎవరిదో మాటల బెలూన్‌లో రాయక్కర్లేదు.

జాన్సన్ ఇంకింగ్‌లో నలుపు ఎక్కువ. ఎవరి ముఖం వెలుగులో ఉంది, ఎవరి ముఖం నీడలో ఉంది అన్నది పేజీ పేజీకీ చూసుకోండి. మాట్ తన రాడార్ ఇంద్రియంతో చుట్టూ పసిగట్టే చోట వలయాల్లా గీస్తారు. ఆ వలయాలున్న ప్యానెల్‌లో మనం అతనితో పాటు ‘చూస్తున్నాం’ అన్నమాట. మాటలు లేని ప్యానెళ్లు ఎక్కడొచ్చాయో లెక్కపెట్టండి. అవి వచ్చినచోట చదివే వేగం తగ్గించండి, ఒక్కో ప్యానెల్‌కు ఒక ఊపిరి తీసుకుని కదలండి.

తొమ్మిదో అడుగు: నక్షత్రం గుర్తులు, రచయితల పేర్లు

మన వారపత్రికల్లో సీరియల్ చదివి పెరిగినవాళ్లకు పైన ‘జరిగిన కథ’, కింద ‘సశేషం’ అలవాటే. పాత అమెరికన్ కామిక్స్‌లో ఆ ‘జరిగిన కథ’ పని చాలావరకు పాత్రల సంభాషణే చేస్తుంది. దానికి తోడు ప్యానెల్ మూలన చిన్న నక్షత్రం గుర్తు, కింద ‘ఫలానా సంచిక చూడండి’ అని ఎడిటర్ మాట ఉంటుంది. వాటిని దాటేయకండి, నోట్‌బుక్‌లో విడిగా రాసుకోండి. అన్నీ వెతికి చదవాలని కాదు. ఒకే సంచిక పేరు రెండుసార్లు వస్తే మాత్రం అది చదవండి.

సంచిక మొదట్లో ఉండే రచయిత, చిత్రకారుల పేర్లు కూడా రాసుకోవాలి. ఎందుకంటే కొన్ని ముడులు కథలోవి కావు, ఆఫీసులోవి. స్పైడర్‌మ్యాన్ 284 నుంచి 288 దాకా, 1987లో, ఇంకో పెద్ద గ్యాంగ్ వార్ నడిచింది. కింగ్‌పిన్ లేని న్యూయార్క్ కోసం హ్యామర్‌హెడ్, సిల్వర్‌మేన్, రోజ్, హాబ్‌గాబ్లిన్ అందరూ ఎగబడతారు. ఆ హాబ్‌గాబ్లిన్ ముసుగు వెనక ఎవరున్నారన్నది 1983 నుంచి నడుస్తున్న రహస్యం. దాన్ని మొదలుపెట్టిన రోజర్ స్టెర్న్ మధ్యలోనే ఆ పత్రిక వదిలి వెళ్లాడు. 289లో పీటర్ డేవిడ్ రాసిన కథలో అది నెడ్ లీడ్స్ అని తేల్చారు, అప్పటికే నెడ్ చనిపోయాడు కూడా. 1997లో స్టెర్న్ తిరిగొచ్చి మూడు సంచికల కథలో అసలువాడు రోడరిక్ కింగ్స్‌లీ అని చెప్పాడు. కాబట్టి ఒక దారం ఎంత లాగినా అతకకపోతే మీ చదువును తప్పు పట్టుకోకండి. రచయితల పేర్లు మారాయేమో చూసుకోండి, ఆ గడి పక్కన ‘చేతులు మారాయి’ అని రాసి ముందుకు వెళ్లండి.

ఈ మధ్య కథల్లో ఇంకో ఇబ్బంది ఉంది. 2023 చివర్లో మొదలైన మార్వెల్ ‘గ్యాంగ్ వార్’లా ఒకే యుద్ధం అనేక పత్రికల్లో పరుచుకుంటుంది. దానికి నిప్పు రాజేసింది ఒక పెళ్లిలో జరిగిన దాడి: ముఠా నాయకుడు టూంబ్‌స్టోన్ కూతురికీ, కథలోని డైలీ బ్యూగిల్ అనే దినపత్రికలో పేరున్న రాబర్ట్‌సన్ గారి కొడుక్కీ పెళ్లి. ఇలాంటివి చదవాలంటే ముందు ప్రధాన పత్రిక ఒక్కటే చివరిదాకా చదవండి. తర్వాత మీకు నచ్చిన పాత్ర పత్రిక ఒక్కటి ఎంచుకుని కలపండి. అన్నీ వరుసలో పెట్టుకుని చదివితే యుద్ధం కనబడుతుంది గానీ మనిషి కనబడడు.

పదో అడుగు: రెండో చదువు, కుర్చీ వైపు నుంచి

కనీసం వారం ఆగి మళ్లీ తెరవండి. ఈసారి డేర్‌డెవిల్‌ను పక్కన పెట్టి, కింగ్‌పిన్ కథగా చదవండి. జపాన్‌లో ఉన్న మనిషి, న్యూయార్క్‌లో దిగిన మనిషి, 172 చివర మనిషి. ఈ మూడు చోట్లా అతని ముఖం ఉన్న ప్యానెళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. అతను మంచివాడని నేననడం లేదు. అతని వల్ల నాశనమైన ఇళ్ల లెక్క ఆ ఫైళ్లలోనే ఉంది. కానీ మారడానికి ఒప్పుకున్న మనిషిని అతని పాత జీవితమే వెనక్కి లాక్కుపోవడం చూస్తే గుండె బరువెక్కుతుంది. రెండో అడుగులో నోట్‌బుక్ చివర రాసుకున్న పేరు ఇప్పుడు తీయండి. మొదటిసారి చాలామందికి గుర్తుండేది బుల్స్‌ఐ. రెండో చదువు తర్వాత ఆ పేరు మారిందేమో చూసుకోండి. నాకు మారింది.

ఇక లెవిట్జ్ పట్టికను 172తో ఆపకుండా కుడివైపు ఇంకో ఎనిమిది గళ్ళు పొడిగించండి. వనెస్సా వరుసలో ప్రశ్న గుర్తు అలాగే ఉంచి, నెలకొక సంచిక చొప్పున ముందుకు చదవండి. ఈలోపు ‘సి’ దారంగా ఒక మేయర్ ఎన్నిక మొదలవుతుంది. కింగ్‌పిన్ వెనకుండి నడిపించే ఆ అభ్యర్థి పేరు రాండాల్ఫ్ చెర్రీ. అతనికీ ఒక వరుస ఇవ్వండి. 1982 మార్చి నాటి 180వ సంచికలో ఈ రెండు వరుసలూ కలుస్తాయి. ఊరి కింద మురుగు సొరంగాల్లో, తానెవరో మరిచిపోయిన ఒక ఆడమనిషి డేర్‌డెవిల్‌కు కనబడుతుంది. అతను ఆమె ఉంగరం తీసుకెళ్లి కింగ్‌పిన్ ముందు పెడతాడు. ఆ ఉంగరానికి బదులుగా డేర్‌డెవిల్ ఏం అడిగాడో, కింగ్‌పిన్ ఎంతసేపు ఆలోచించాడో ఆ పేజీలోనే చూసి, ప్రశ్న గుర్తు చెరిపి ‘ఎ’ అని రాయండి.